పాత నోటు గిఫ్ట్‌గా కొంటున్నారా? ‘సీల్ తీస్తే రిటర్న్ లేదు’ అనే సెల్లర్లతో జాగ్రత్త

పాత కరెన్సీ నోటు ఎవరికైనా బహుమతిగా ఇద్దామని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. అద్దాల ఫ్రేములో బిగించి, వెనక ఒక సర్టిఫికెట్ అంటించి, అంచున సీల్ స్టిక్కర్ వేసి అమ్మే నోట్ల గురించి చెబుతున్నాను. మా పెదనాన్న గారి కోసం అలాంటిదొకటి కొన్నాం. ఫ్రేములో ఉన్నది నోటు కాదు, నోటు బొమ్మ.

ఆయన చాలా ఏళ్లుగా రకరకాల దేశాల నోట్లు సేకరిస్తున్నారు. జింబాబ్వే వంద ట్రిలియన్ డాలర్ల నోటు మాత్రం ఆయన ఆల్బమ్‌లో లేదని మా అక్క చెప్పింది. మన లెక్కలో అది కోటి కోట్ల డాలర్లు, ఒకటి పక్కన 14 సున్నాలు. ధరలు పూటపూటకీ పెరిగిపోతున్న రోజుల్లో, 2009 జనవరిలో జింబాబ్వే రిజర్వ్ బ్యాంక్ దాన్ని విడుదల చేసింది. నోటు మీద సంవత్సరం మాత్రం 2008 అనే ఉంటుంది. మరుసటి నెలలోనే ఆ దేశం తన కరెన్సీలోంచి 12 సున్నాలు కొట్టేసింది. 2015లో పాత డాలర్లను పూర్తిగా రద్దు చేసినప్పుడు, 2008 అని ఉన్న నోట్లని 250 ట్రిలియన్లకి ఒక అమెరికన్ డాలర్ లెక్కన మార్చి ఇచ్చారు. అంటే ఈ నోటు తీసుకెళ్లినవాళ్లకి ముట్టింది 40 సెంట్లు. సేకరించేవాళ్ల మార్కెట్లో దాని రేటు అంతకు ఎన్నో రెట్లు. నకిలీలు పుట్టడానికి ఇంకేం కావాలి?

లిస్టింగ్‌లో ఫోటోలు బాగున్నాయి. ‘యూఎన్‌సీ’ అని రాశారు, అంటే ఎవరి చేతుల్లోనూ నలగని నోటు అని. ‘ఒక్కటే పీస్’ అన్నారు. సీరియల్ నంబర్ కూడా ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది. గిఫ్ట్ అని చెప్పగానే సెల్లర్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పైన పేరు రాయిస్తానన్నాడు, రిబ్బన్ కడతానన్నాడు. అసలు మెలిక చివర్లో ఉంది: సీల్ చెదిరితే రిటర్న్ తీసుకోరు. పాత వస్తువు కదా, చేతులు మారితే పాడవుతుందని దానికి ఒక కారణం కూడా చెప్పాడు.

ఆ మెలిక ఎంత తెలివైనదో చూడండి. నోటు అసలుదో కాదో తెలియాలంటే వేళ్లతో తడమాలి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి, వాల్చి చూడాలి. ఇవి చాలావరకు సీల్ తీస్తేనే కుదురుతాయి. సీల్ తీశామా, రిటర్న్ హక్కు పోయినట్టే. తీయకపోతే నకిలీ అని నిరూపించలేం. దీనికి తోడు గిఫ్ట్ అనేది కొన్న రోజునే ఇచ్చేది కాదు. ముందే కొని, ఇవ్వాల్సిన రోజు దాకా బీరువాలో దాస్తాం. ఈలోపు రిటర్న్ గడువు దానంతట అదే గడిచిపోతుంది.

అన్నిటికంటే వాళ్లకి కలిసొచ్చేది పుచ్చుకున్నవాళ్ల మొహమాటం. పెదనాన్న గారు ఫ్రేము అందుకుని సంతోషంగా నవ్వారు, అందరికీ చూపించారు, హాల్లో పెట్టారు. ఆల్బమ్‌లోకి మాత్రం ఎక్కించలేదు. అక్క పట్టుబట్టి అడిగితే, ‘పిల్లలు ప్రేమగా తెచ్చారు, ఇప్పుడు అదంతా ఎందుకమ్మా’ అన్నారు. ఆయనకి మొదటిరోజే తెలుసు! నోటు మీద జింబాబ్వే పక్షి బొమ్మ ఒకటి రంగు మారే సిరాతో ఉంటుంది. వాల్చి చూస్తే రంగు మారాలి. అద్దం వెనక ఉన్నది ఎటు తిప్పినా ఒకటే రంగు.

తర్వాత సీల్ తీసి చూశాం. మామూలు ప్రింటర్ కాగితం. వాటర్‌మార్క్ కాగితం లోపల ఉండాల్సింది పోయి, లేత బూడిద రంగు సిరాతో పైన అచ్చేసి ఉంది. వెలుతురుకి పట్టుకోకుండానే కనిపిస్తోంది. సెక్యూరిటీ థ్రెడ్ ఉండాల్సిన చోట మెరిసే గీత ఒకటి. అంకెల మీద వేలు రాస్తే నున్నగా ఉంది, గరుకు లేదు. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే కాగితం మొత్తం నీలంగా తళతళలాడింది. నోట్లకి వాడే దూది కాగితం మామూలుగా అలా వెలగదు. ఆఫీసు కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాల వల్ల వచ్చే మెరుపు అది. ఇంకో విషయం, ఫోటోలో ఉన్న సీరియల్ నంబరూ ఫ్రేములో ఉన్నదీ వేరు. రిబ్బన్ బాగా కట్టాడు, అది ఒప్పుకోవాలి.

సెల్లర్‌ని అడిగితే మొదట ‘సర్టిఫికెట్ ఉంది కదా’ అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఎవరిచ్చారంటే వాళ్లే! అందులో నోటు సీరియల్ నంబర్ లేదు, పరీక్షించినవాళ్ల పేరు లేదు, ఒక బంగారు రంగు ముద్ర మాత్రం ఉంది. గట్టిగా నిలదీస్తే అసలు మాట బయటపడింది: ‘గిఫ్టే కదండీ, ఎవరు చూస్తారు?’ వాళ్ల వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. మేం కొన్న సైట్ వాళ్లేమో సీల్ తీశారు, గడువు దాటింది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. కార్డుతో కట్టాం కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు, వేశాం. వర్ణన ఒకటి, వచ్చిన వస్తువు ఒకటి అన్న కారణం కింద అది నడుస్తోంది.

అసలు నోటు దొరికినా ఈ ఫ్రేము బేరం నష్టమేనని పెదనాన్న గారు చెప్పాకే తెలిసింది. మా ఫ్రేములో నోటుని వెనకనున్న అట్టకి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించారు. నిజం నోటుకి అలా చేస్తే ఊడదీసేటప్పుడు కాగితం పొర లేస్తుంది, లేకపోతే జిగురు మరక మిగులుతుంది. రెండింట్లో ఏదైనా విలువ పడిపోతుంది. హాల్లో ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. లామినేషన్ అయితే ఇక చెప్పక్కర్లేదు, నోటు పని అయిపోయినట్టే. మెత్తటి పీవీసీ కవర్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డు వదిలి నోటుని పాడుచేస్తాయి. సేకరించేవాళ్లు వాడేది పాలియెస్టర్ స్లీవ్. నోటు అందులో పెట్టి, దాన్ని ఒక మంచి పెట్టెలో పెట్టి ఇస్తే చాలు. అలా ఇస్తే పుచ్చుకున్నవాళ్లు తీసి చూసుకోగలరు కూడా.

కొనేముందు సెల్లర్‌ని అడగాల్సింది ముఖ్యంగా ఒకటే. ఆ నోటుకే, ఆ సీరియల్ నంబర్ కనిపించేలా, ఫ్రేములో పెట్టకముందు తీసిన ఫోటోలు కావాలని అడగండి. ముందు వైపు, వెనక వైపు, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఒకటి, పక్కనుంచి వాల్చి ఒకటి. పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టమనండి. నిజంగా నోటు చేతిలో ఉన్నవాడికి ఇది చిటికెలో పని. రకరకాల సాకులు చెబుతున్నాడంటే ఆ బేరం వదిలేయండి.

మేం కొనాలనుకున్న అసలు వంద ట్రిలియన్ నోటుకి కొన్ని గుర్తులు. ముందు వైపు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండరాళ్లు, వెనక విక్టోరియా జలపాతం, అడవిదున్న ఉంటాయి. అప్పటి జింబాబ్వే రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గిడియన్ గోనో సంతకం ఉంటుంది. సీరియల్ మామూలుగా ‘ఏఏ’ అక్షరాలతో మొదలవుతుంది. పాడైన షీట్ల బదులు వేసిన రీప్లేస్‌మెంట్ నోట్లకి ‘జెడ్ఏ’. ఈ గుర్తులన్నీ నకిలీ మీద కూడా అచ్చేస్తారు కాబట్టి ఇవి ఉన్నాయని నమ్మొద్దు, ఇవి లేకపోతే మాత్రం వెంటనే వదిలేయండి. బంగారు రేకు మీద అచ్చేసిన వంద ట్రిలియన్ నోట్లు కుప్పలుగా అమ్ముతున్నారు. బ్యాంకు అలాంటివి ఎప్పుడూ వేయలేదు. వంద ట్రిలియన్ కంటే పెద్ద నోటు కూడా ఆ దేశం విడుదల చేయలేదు. అంతకంటే పెద్ద అంకె వేసి ‘బాండ్’ అనో ‘స్పెషల్ ఇష్యూ’ అనో అమ్మేవన్నీ ఎవరో అచ్చేసుకున్న సరదా కాగితాలు. సరదాకి కొనుక్కుంటే తప్పులేదు, సేకరణ వస్తువు ధర పెట్టి కాదు.

గ్రేడింగ్ చేసిన ప్లాస్టిక్ హోల్డర్‌లో కొంటే కాస్త నయం. పీఎంజీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు నోటుని పరీక్షించి 70 పాయింట్ల స్కేలు మీద అంకె వేసి, హోల్డర్‌లో సీల్ చేస్తాయి. హోల్డర్ మీదున్న నంబర్‌ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. కానీ నంబర్ దొరికింది కదా అని అక్కడితో ఆగొద్దు. హోల్డర్లకే నకిలీలు వస్తున్నాయి. నిజమైన నంబర్‌ని ఎత్తి నకిలీ లేబుల్ మీద వేస్తారు. వెబ్‌సైట్ చూపించే వివరాలూ, ఫోటో ఉంటే ఆ ఫోటోలోని సీరియల్ నంబరూ, మీకు అమ్ముతున్న నోటుదీ అక్షరం అక్షరం కలవాలి.

హోల్డర్ లేకుండా అమ్మేవాళ్లు వేసే గ్రేడు వాళ్ల సొంత మాట. ‘గుడ్ కండిషన్’ అంటే బాగుందని అనుకోవద్దు. అంతర్జాతీయ బ్యాంక్‌నోట్ సొసైటీ గ్రేడింగ్ మెట్లలో ‘గుడ్’ అంటే బాగా నలిగి, అంచులు చిరిగిన నోటు. దాని కింద ఇంకా ఫెయిర్, పూర్ అని రెండే ఉంటాయి.

ఇంకో మోసం నోట్లకి ఇస్త్రీ. మడతలు పడిన నిజం నోటుని కడిగి, బరువు కింద నొక్కి, కొత్తదని అమ్మడం. నోటు అసలుదే కాబట్టి దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. పక్కనుంచి లైటు వేసి చూస్తే పాత మడత జాడ సన్నటి గీతలా కనిపిస్తుంది. అచ్చులోని గరుకు అణిగిపోయి ఉంటుంది, కాగితంలో ఫెళఫెళ ఉండదు. డిటర్జెంట్‌తో కడిగిన నోటు అల్ట్రావయొలెట్ కింద మామూలు కాగితంలాగే వెలగొచ్చు.

‘పాతది’ అన్న మాటకే ఎక్కువ డబ్బు పెట్టొద్దు. జర్మనీలో 1923 నాటి ద్రవ్యోల్బణం నోట్లు వందేళ్లు దాటినవే అయినా లెక్కలేనన్ని అచ్చేశారు. వాటిలో చాలా రకాలు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా తక్కువే. ఆ మార్కు నోట్ల (మార్కు అంటే అప్పటి జర్మన్ కరెన్సీ) మీద ఉన్న లక్షలూ కోట్లూ చూపించి అరుదైనవని అమ్మితే నమ్మకండి. 1840 తేదీతో బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ వెయ్యి డాలర్ల నోటు, సీరియల్ 8894 అని కనిపిస్తే అసలు ఆలోచించనక్కర్లేదు. అది పార్చ్‌మెంట్‌లా, అంటే పాతకాలపు తోలు కాగితంలా, కనిపించే గోధుమరంగు కాగితం మీద లెక్కలేనన్ని వేసిన ప్రసిద్ధ నకలు. దొరికిన ప్రతిదానికీ అదే నంబర్! అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు వేసుకున్న కాన్ఫెడరేట్ నోట్ల నకళ్లు కూడా అలాంటి పెళుసు కాగితం మీదే ఎక్కువగా తిరుగుతుంటాయి. పాతగా కనిపించాలని కాగితానికి రంగు వేశారంటేనే అనుమానించాలి. నిజమైన పాత నోటు దానంతట అదే మాసిపోతుంది, అంతటా ఒకేలా మాత్రం మాసిపోదు.

డబ్బు సైట్ బయట పంపమంటే వద్దు. స్నేహితులకి పంపినట్టు పంపితే కమిషన్ తగ్గుతుంది, ఆ మేరకు రేటు తగ్గిస్తానంటాడు. అలా పంపిన డబ్బు మీద కొనుగోలుదారుడికి ఉండే రక్షణ సాధారణంగా వర్తించదు.

ఇప్పటికే కొనేసి పార్సిల్ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇవ్వాల్సిన రోజు దాకా ఆగకండి. గడువు ఉండగానే వీడియో తీస్తూ విప్పండి. ముందు పార్సిల్ మీద చిరునామా చీటీ, తర్వాత సీల్, తర్వాత నోటు రెండు వైపులా, మధ్యలో వీడియో ఆపకుండా. తేడా కనిపిస్తే ఫోన్లో మాట్లాడొద్దు, సైట్‌లోని మెసేజ్‌లోనే రాయండి. లిస్టింగ్ పేజీ ఫోటోలతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గొడవ మొదలవగానే వర్ణన మార్చేస్తారు. మాకు జరిగింది అదే. ‘యూఎన్‌సీ’ అని ఉన్నచోట రాత్రికి రాత్రి ‘డెకరేటివ్ పీస్’ అని వచ్చింది. అదృష్టం కొద్దీ అక్క పాత పేజీ సేవ్ చేసి ఉంచింది. బ్యాంకులో వేసిన డిస్ప్యూట్‌కి ఇప్పుడు అదే ఆధారం.

పుచ్చుకునేవాళ్లు సేకరణలో అనుభవం ఉన్నవాళ్లయితే, సర్ప్రైజ్ పోతే పోయిందని ముందే ఫోటోలు చూపించి అడగడం మేలు. చాలామంది నోటు తమ చేత్తోనే ఎంచుకోవడానికి ఇష్టపడతారు. పెదనాన్న గారు ఈసారి వంద ట్రిలియన్ నోటు తానే చూసి చెబుతానన్నారు, మేం డబ్బు కడతాం.

ఆ సెల్లర్ ఖాతా పేరు మారింది గానీ ఫోటో అదే, సీరియల్ నంబరూ అదే, ‘ఒక్కటే పీస్’ అనే మాటా అదే. నల్ల ఫ్రేము, బంగారు ముద్ర సర్టిఫికెట్, ఎర్ర రిబ్బన్, ‘సీల్ తీస్తే రిటర్న్ లేదు’ అన్న షరతు కలిసి కనిపిస్తే కొనకండి, పేజీలోనే రిపోర్ట్ కొట్టండి.