ఫోను చెప్పకుండా లెన్సు మార్చుకుంటే: రెండేళ్ల ఫోకస్ స్టాకింగ్ అనుభవం

రెండేళ్లుగా నేను ఫోనుతోనే క్లోజప్ ఫొటోలు తీస్తున్నాను. చనిపోయి దొరికిన పురుగులు, ఎండిన గింజలు, నాణేల మీది అక్షరాలు, ఆగిపోయిన చేతిగడియారం లోపలి పళ్లచక్రాలు, ఇవే నా సరుకు. మెగాపిక్సెళ్లు, రాత్రి ఫొటోలు, బ్యాటరీ వంటి విషయాలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఈ ఫోనులో నన్ను ఏడిపించిన సదుపాయం ఒక్కటే, ఆటో మాక్రో. వస్తువు దగ్గరకు రాగానే ప్రధాన కెమెరాను వదిలి, ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే అల్ట్రావైడ్ కెమెరాకు మారిపోవడం దాని పని. ఒక్క ఫొటోతో సరిపెట్టుకునేవారికి అది మేలే చేస్తుంది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పాతిక ముప్పై ఫొటోలు తీసి, వాటిలో స్పష్టంగా ఉన్న భాగాలను మాత్రమే ఏరి కలుపుకునేవారికి, అంటే ఫోకస్ స్టాకింగ్ చేసేవారికి, అంతకు మించిన శత్రువు లేదు.

కిటికీ గట్టు మీద ఒక తూనీగ చెక్కుచెదరకుండా ఎండిపోయి దొరికింది. దాన్ని తల నా వైపు, తోక అవతలికి ఉండేలా నిలబెట్టి, ఫోనును స్టాండుకు బిగించి, తల నుంచి తోక దాకా తెర మీద ఒక్కొక్క చోట తాకుతూ 24 ఫొటోలు తీశాను. తెర మీద ప్రతి ఫొటో నిక్కచ్చిగానే కనిపించింది. కంప్యూటర్లో కలిపి చూస్తే తల బాగానే ఉంది, తోకా బాగానే ఉంది, నడుమ రెక్కలు మాత్రం నాలుగుకు బదులు ఎనిమిది ఉన్నాయి. రెక్క అంచున ఉండే చిన్న నల్లమచ్చ పక్కనే దాని నీడ లాంటి మరో మచ్చ కనిపించింది. గాలికి కదిలిందేమోనని కిటికీ మూసి మళ్లీ తీశాను. బల్ల ఊగుతోందేమోనని నేల మీదికి మార్చాను. తప్పు కలిపే సాఫ్ట్‌వేర్‌దేనని దాన్నీ మార్చి చూశాను. ఎనిమిది రెక్కలు ఎనిమిదిగానే ఉన్నాయి.

మూడో రోజున, విసుగులో, వేలితో ప్రధాన లెన్సును మూసి తెర మీద తూనీగ తలను తాకాను. తెర చీకటి కావాలి, కాలేదు. తల హాయిగా వెలుతురులో కనిపిస్తూనే ఉంది. తోకను తాకగానే తెర నల్లబడింది. అంటే సగం ఫొటోలు ఒక కెమెరా తీస్తే, మిగతా సగం దాని పక్కనున్న కెమెరా తీసింది. అల్ట్రావైడ్ దృశ్యాన్ని కత్తిరించి, పెద్దది చేసి ప్రధాన కెమెరా కొలతకు సరిపెట్టడం వల్ల ఆ మార్పు నా కంటికి ఆనలేదు. తెర మీద ఒక చిన్న గుర్తు వెలిగి ఉంటే నా మూడు రోజులు మిగిలేవి.

ముక్కుకు దగ్గరగా వేలు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూస్తే వేలు పక్కకు దూకినట్టు కనిపిస్తుంది కదా, ఇక్కడ జరిగింది అదే. ఫొటోల మధ్య పరిమాణంలో వచ్చే తేడాను, కాస్త పక్కకు జరగడాన్ని, కొద్దిపాటి వంపును సాఫ్ట్‌వేర్ సర్దగలదు. చూసే చోటే మారిపోతే, ముందున్న రెక్క వెనుకనున్న రెక్కను దాచే తీరు కూడా మారిపోతుంది. దాన్ని సర్దడం దానివల్ల కాదు.

ఆ రోజే సెట్టింగుల్లో వెతికి ఆటో మాక్రోను ఆపేశాను. అయితే ప్రధాన కెమెరా అంత దగ్గర నుంచి ఫోకస్ పట్టలేదు కాబట్టి దాని మీద 10 డయాప్టర్ల (డయాప్టరు అంటే లెన్సు శక్తికి కొలత) క్లిప్ లెన్సు, అంటే ఫోనుకు తగిలించే భూతద్దం లాంటిది, పెట్టాను. దానితో ఫోను ఫోకస్ అనంతం (అన్నిటికన్నా దూరం) దగ్గర ఉన్నప్పుడు 10 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. ఫొటోలు తీయడానికి ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌కు మారాను. అందులోని, ఫోకస్‌ను మెట్లుమెట్లుగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసే ఫోకస్ బ్రాకెటింగ్‌లో మొదలు, చివర, మధ్యన ఎన్ని ఫొటోలు కావాలో చెప్పి బొత్తాం నొక్కితే మిగతా పని అదే చూసుకుంటుంది. తెరను తాకే పనే లేదు కనుక ఫోను కదిలే భయమూ లేదు. మొదటిసారి చేతులు కట్టుకుని కూర్చుని, ఫోకస్ ముందు కళ్ల మీద నుంచి మెడ మీదికి, అక్కడి నుంచి రెక్కల మొదళ్లకు తనంతట తాను పాకడం చూసినప్పుడు కలిగిన సంబరం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ సంబరంలో, ఇక పెద్ద కెమెరా అక్కర్లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. క్లిప్ లెన్సులో నడుమ భాగమే పనికొస్తుంది. అంచుల్లో గీతలు చెదిరి, ఊదా రంగు అంటుకుంటుంది. ఆ బ్రాకెటింగ్ కూడా ఫోకస్‌ను యాప్ చేతికి ఇచ్చే ఫోన్లలోనే పనిచేస్తుంది. ఇక ఫోను ఫొటోలకు తనంతట తాను అద్దే కృత్రిమపు పదును ఉంది చూశారూ, కలిపిన తరువాత అది ప్రతి వెంట్రుక చుట్టూ తెల్లని అంచుగా తేలుతుంది. తూనీగ ముఖం మీది నూగును ఫొటోలను కలిపే సాఫ్ట్‌వేర్ అయిన హెలికాన్ ఫోకస్‌లోని బి పద్ధతి పులిమేసింది. సి పద్ధతి వెంట్రుకలను విడివిడిగా నిలబెట్టింది గానీ, వాటి వెనుకనున్న మెత్తటి బూడిద రంగు నేపథ్యంలో గరుకును పెంచింది. నేను సి పద్ధతికే ఓటు వేసి, ఆ గరుకును తరువాత విడిగా తగ్గించుకుంటున్నాను.

కొనదలచినవారికి ఇది మంచి ఫోనని అనగలనా? నా వస్తువులు కదలవు, నాకు తొందర లేదు, ఒక ఫొటో కోసం ఒక సాయంత్రం పోయినా బాధ లేదు. పూల మీద వాలి మరుక్షణం ఎగిరిపోయే సీతాకోకచిలుకల వెంట తిరిగేవారు స్టాకింగ్ కోసం దీన్ని కొంటే నన్నే తిట్టుకుంటారు. ఆటో మాక్రోను ఆపే వీలు లేని ఫోను అయితే నేనూ కొనను. అదే తూనీగను మొన్న 34 ఫొటోలతో మళ్లీ తీశాను. రెక్కలు నాలుగే వచ్చాయి. రంగు వెలిసిన కంటి మీద మాత్రం ఒక దుమ్ముపోగు అడ్డంగా పడి, నూగుకన్నా స్పష్టంగా కనిపిస్తోంది. మెత్తటి కుంచెతో దాన్ని తీసి ఇంకోసారి తీయాలి.