అభా యాప్: టోకెన్ వరకు సూపర్, ఆ తర్వాతే తంటా

అమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, మూడు నెలలకోసారి ఓపీకి వెళ్ళాల్సిందే, ఆ చీటీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడటమే పెద్ద పని. ఈసారి అభా యాప్ వాడాం, అంటే మన హెల్త్ రికార్డులన్నీ ఒక నంబర్‌కి లింక్ చేసుకునే కేంద్ర ప్రభుత్వ యాప్. ఆధార్ ఓటీపీతో 14 అంకెల నంబర్ వెంటనే వచ్చేసింది, కౌంటర్ దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, అడ్రస్ అన్నీ వాళ్ళ కంప్యూటర్‌కి వెళ్ళిపోయి ఫోన్లో టోకెన్ పడింది. అమ్మయితే "అంతేనా, ఇంక లైన్ లేదా?" అని రెండుసార్లు అడిగింది.

అసలు సంగతి రికార్డులది. చాలామంది అనుకుంటున్నట్టు రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకచోట పోగేయరు, ఏ హాస్పిటల్‌వి అక్కడే ఉంటాయి, మనం ఓకే అంటేనే ఇంకో డాక్టర్‌కి కనిపిస్తాయి, ఎన్నాళ్ళు చూడొచ్చో కూడా మనమే పెట్టొచ్చు, ఇది మాత్రం బాగా నచ్చింది. కానీ అవతలివాళ్ళ సాఫ్ట్‌వేర్ కూడా దీనికి కలవాలి కదా! మేం టెస్టులు చేయించిన ల్యాబ్ వాళ్ళు నంబరైతే రాసుకున్నారు గానీ ఒక్క రిపోర్టూ లింక్ చేయలేదు, అడిగితే వాట్సాప్‌లో పీడీఎఫ్ పడేశారు, నేనే అప్‌లోడ్ చేసుకున్నా. పాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) రీడింగులు పక్కపక్కన చూడాలంటే ఇంకా ఆ ప్లాస్టిక్ కవరే దిక్కు.

ఐదుకి మూడున్నర. ఆధార్‌కి మీ ఫోన్ నంబర్ లింకయి ఉందో లేదో ముందే చూస్కోండి, ఓటీపీ దానికే వస్తుంది.