చిన్న సినిమాకు ఏ పంపిణీదారు మేలు?

పెద్ద పంపిణీ సంస్థ ఒకటి, చిన్న సంస్థ ఒకటి సినిమా అడుగుతున్నాయి, ఎవరికి ఇవ్వాలి? తక్కువ బడ్జెట్‌తో సొంతంగా సినిమా తీసినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అందరూ ముందు చెప్పేది కమిషన్ శాతం. నేను ముందు చూసేది ఖర్చుల నిబంధన.

పెద్ద సంస్థ బలం తక్కువది కాదు. థియేటర్ల యజమానులతో, ఓటీటీ వేదికలతో, టీవీ ఛానళ్లతో నిత్యం వ్యవహారం నడిపేవాళ్లు అక్కడ ఉంటారు. మనం నెలల తరబడి తిరిగినా దొరకని జవాబు వాళ్లకు ఒక్క ఫోనుతో దొరుకుతుంది. కానీ తారలు లేని సినిమాను చాలాసార్లు మరికొన్నిటితో కలిపి గంపగుత్తగా అమ్మేస్తారు. ఆ ధరలో మన వాటా ఎంతో తేల్చేదీ వాళ్లే.

చిన్న సంస్థ ఏడాదికి కొద్ది సినిమాలే తీసుకుంటుంది. పోస్టరు మార్చాలన్నా, ట్రైలర్ కుదించాలన్నా సంస్థ నడిపే మనిషితోనే మాట్లాడవచ్చు. పరిచయాలు, పెట్టుబడి మాత్రం తక్కువ.

ఇక అసలు సంగతి. వచ్చిన డబ్బులో సాధారణంగా ముందు కమిషన్ పోతుంది, తర్వాత పంపిణీదారు పెట్టిన ఖర్చులు పోతాయి, మిగిలితేనే నిర్మాతకు. పోస్టర్లు, ప్రకటనలే కాదు, కాన్, బెర్లిన్ చిత్రోత్సవాల్లో సినిమాలు అమ్ముకునే మార్కెట్లకు వెళ్లివచ్చిన ఖర్చులో వాటా కూడా మన ఖాతాలో పడవచ్చు. ఉదాహరణకు పెద్ద సంస్థ 20 శాతం కమిషన్‌కే ఒప్పుకుంది, ఖర్చులకు మాత్రం పరిమితి లేదు. సినిమాకు 100 వస్తే కమిషన్ 20, ఖర్చులు 60, మనకు 20. చిన్న సంస్థ 30 శాతం అడిగింది, ఖర్చులు రాబడిలో 10 శాతం దాటకూడదని రాసిచ్చింది. 60 మాత్రమే వచ్చినా కమిషన్ 18, ఖర్చులు 6 పోగా మనకు 36 మిగులుతుంది. అందుకే ఖర్చులకు గరిష్ఠ పరిమితి, లెక్కలు తనిఖీ చేయించే హక్కు, ఒక సినిమా నష్టాన్ని మరో సినిమా రాబడిలో కోయరాదన్న షరతు, ఈ మూడూ రాసిచ్చే చిన్న సంస్థ వైపే నేను మొగ్గుతాను. లెక్కలు పంపకపోయినా, బాకీ చెల్లించకపోయినా హక్కులు వెనక్కి రావాలని కూడా రాయించుకోవాలి. ఒప్పందం గడువు పదిహేనేళ్లు అడిగితే ఏడేళ్లకు తగ్గించమని బేరమాడండి.

ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది. పెద్ద సంస్థ నిర్మాణ ఖర్చులో సగానికి పైగా అడ్వాన్సుగా, తిరిగి అడగని పద్ధతిలో ఇస్తే తీసుకోండి. చాలా చిన్న సినిమాలకు అడ్వాన్సు తర్వాత మరో రూపాయి రాదు.

పంపిణీదారు లేకుండా వెళ్లాలనుకుంటే, రుసుము తీసుకుని సినిమాను ఓటీటీలకు చేర్చే అగ్రిగేటర్లు ఉన్నారు, కానీ వాళ్లు అమ్మకం బాధ్యత తీసుకోరు. 2019లో డిస్ట్రిబర్ అనే అమెరికా అగ్రిగేటర్ మూతపడినప్పుడు చాలామంది నిర్మాతల డబ్బు చిక్కుకుపోయింది. సొంతంగా విడుదల చేయడం ముందే ప్రేక్షకవర్గం ఉన్న డాక్యుమెంటరీలకు కుదురుతుంది.

సంతకానికి ముందు, అదే సంస్థకు రెండు మూడేళ్ల కిందట సినిమా ఇచ్చిన దర్శకులకు ఫోన్ చేయండి. ఎంత వచ్చిందని కాదు, లెక్కల కాగితం గడువుకు వచ్చిందా అని అడగండి.