నాలుగేళ్లుగా ఏప్రాన్ జేబులో ఉన్న అల్ట్రాసౌండ్

జేబులో పట్టే అల్ట్రాసౌండ్ మిషన్ గురించి ఇది. దాని ప్రోబ్ (ఒంటికి ఆనించే ముక్క) ఎన్ని మెగాహెర్ట్జ్, బ్యాటరీ ఎన్ని గంటలు, ట్యాబ్ ఏది కలుస్తుంది లాంటివన్నీ కొనాలనుకునేవాళ్లు ముందే చూసుకుంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక్క పని గురించే. ఆయాసంతో వచ్చిన మనిషి ఛాతీ మీద ఈ ప్రోబ్ పెట్టడం అలవాటయ్యాక రాత్రిపూట నా టెన్షన్ సగం తగ్గింది. కడుపు స్కానింగ్ కోసమో, ఇంకో దాని కోసమో అయితే నేను దీన్ని కొనేవాణ్నే కాదు.

మాది మిర్యాలగూడలో ఇరవై పడకల ఆస్పత్రి. నేను జనరల్ మెడిసిన్, మా ఆవిడ గైనకాలజిస్టు. రేడియాలజిస్టు సాయంత్రం రెండు గంటలు వచ్చి వెళ్తారు. రాత్రి పదకొండు దాటాక ఎవరైనా దమ్ముతో వస్తే నా దగ్గరుండేవి స్టెతస్కోపు, ఈసీజీ, ఫోన్ చేస్తే అరగంటకు నిద్రమొహంతో వచ్చే ఎక్స్‌రే కుర్రాడు. హైదరాబాద్ పంపిద్దామంటే మూడు గంటల దారి.

మేం చదువుకున్న రోజుల్లో గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ పనికిరాదనే చెప్పారు. ఊపిరితిత్తి అంటే గాలే కాబట్టి అక్కడ ప్రోబ్ పెడితే తెర మీద కనిపించేదంతా ఉత్త భ్రమ అని. ఆ భ్రమల్లోనే సంగతంతా ఉందని ఫ్రాన్స్‌లో లిష్టెన్‌స్టైన్ అనే ఐసీయూ డాక్టరు ఏళ్ల తరబడి చెప్తూ వచ్చి 2008లో బ్లూ ప్రోటోకాల్ ప్రచురించారు, ఛాతీ స్కానింగ్‌తో ఆయాసానికి కారణం తేల్చే పద్ధతి అది. 260 మంది ఆయాసం పేషెంట్లలో 90.5 శాతం మందికి దాంతో జబ్బు సరిగ్గా తేలింది. మామూలు ఊపిరితిత్తి మీద పెడితే ప్లూరా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర) గీత కింద సమాన దూరాల్లో అడ్డగీతలు కనిపిస్తాయి, అవి ఏ లైన్లు. లోపల తడి చేరితే ప్లూరా దగ్గర మొదలై తెర అడుగుదాకా నిలువుగా గీతలు దిగుతాయి, అవి బీ లైన్లు. చదివితే రెండు వాక్యాలు. నా కంటికి అలవాటు కావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

కొన్న మొదటి ఏడాది వానాకాలంలో, రాత్రి ఒంటిగంట ప్రాంతంలో రైస్‌మిల్లులో హమాలీ పనిచేసే మనిషిని ఆటోలో తెచ్చారు. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. మూడు రోజులుగా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డెరిఫిల్లిన్, డెక్సోనా సూదులు, రోజుకు రెండుసార్లు నెబులైజర్. మిల్లు దుమ్ము, వానాకాలం, ఛాతీ నిండా పిల్లికూతలు. చూడగానే ఎవరైనా ఆస్తమా అనే అంటారు. నేనూ అన్నాను. ఆక్సిజన్ 84 ఉంది, బీపీ 190 మీద 110. మనిషి పడుకోలేక మంచం అంచు పట్టుకొని ముందుకు వంగి కూర్చున్నాడు.

నెబులైజర్ పెట్టమని సిస్టర్‌కు చెప్పి, అది సిద్ధం చేసేలోపు ఉత్తినే ప్రోబ్ తీశాను. అప్పటికి అది నాకు ఇంకా కొత్త బొమ్మ లాంటిదే. పక్కనే నిలబడ్డ కొడుకు చూసి, "గా మిషిన్‌తోని కడుపుల పిల్లను జూస్తరు గదా సార్, మా నాయినకెందుకు?" అన్నాడు. సిస్టర్ నవ్వు ఆపుకుంది. మన దగ్గర స్కానింగ్ అంటే జనానికి గుర్తొచ్చేది అదే, ఆ కుర్రాడి తప్పేం లేదు.

కుడివైపు పైన పెట్టాను. బీ లైన్లు. ఎడమవైపు పైనా అవే. కింద, పక్కన, ఎక్కడ పెట్టినా లెక్కపెట్టలేనన్ని. గుండె మీద పెడితే ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం తోసే గది, పెద్దదైపోయి, ముడుచుకోవాల్సిన చోట ఊరికే కదులుతోంది. పిల్లికూతలు ఊపిరితిత్తుల జబ్బువి కావు. గుండె తోయలేక వెనక్కి తన్నిన నీటివి. నెబులైజర్ పక్కన పెట్టించి, నీటిని మూత్రంలో పంపేసే లాసిక్స్ ఇచ్చాను, గుండె మీద భారం తగ్గించే నైట్రోగ్లిజరిన్ మొదలుపెట్టాను, ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మాస్క్ కట్టించాను. నలభై నిమిషాల్లో మూత్రం సంచి నిండుతూ వచ్చింది. రెండు గంటలకు ఆక్సిజన్ 95.

అప్పుడు మళ్లీ ప్రోబ్ పెట్టి చూశాను. పైభాగంలో బీ లైన్లు పలచబడి, మధ్యమధ్యలో అడ్డగీతలు తేలుతున్నాయి. కొడుకు నా భుజం మీదుగా తొంగి చూస్తూ, "ఇందాక వాన గొట్టినట్టుండె సార్, ఇప్పుడు తెరిపిచ్చింది" అన్నాడు. ఏ పుస్తకంలోనూ బీ లైన్ల గురించి ఇంత బాగా చదవలేదు. అప్పటి నుంచి కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్లకు నేను అదే మాట చెప్తున్నాను: వాన పడుతోందా, తెరిపిచ్చిందా చూడండి. ఆ హమాలీ ఇప్పటికీ మందులకు వస్తాడు. బస్తాలు మోయొద్దంటే, "మరి ఏం తినాలె సార్" అంటాడు. దానికి ప్రోబ్‌లో జవాబు లేదు.

ఆ రాత్రి తర్వాత ఏడాదిన్నర పాటు నేను దీని గురించి కనిపించిన ప్రతి డాక్టరుకూ చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా. ముఖ్యంగా మన జిల్లాకు ఇది సరిగ్గా సరిపోతుందని అనేవాణ్ని. ఎందుకంటే మర్రిగూడ, నాంపల్లి దిక్కు నుంచి వచ్చే పెద్దవయసు వాళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము విల్లులా వంగిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లను ఎక్స్‌రే ప్లేటుకు ఆనించి నిలబెట్టడం కుదరదు. పడుకోబెట్టి తీస్తే గడ్డం నీడ వచ్చి ఊపిరితిత్తుల పైభాగం మీద పడుతుంది, ఎముకలేమో మామూలుకన్నా తెల్లగా గట్టిగా వస్తాయి. ప్రోబ్‌కు ఆ బాధ లేదు. మనిషి ఎలా కూర్చుంటే అలాగే, పక్కటెముకల సందు దొరికితే చాలు. ప్లూరాలో నీరు తీయాల్సి వచ్చినప్పుడు సూది ఎక్కడ గుచ్చాలో పెన్నుతో గుర్తు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

మిగతా మాటలు కొంచెం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కారణం అలాంటి ఒక అవ్వే. మర్రిగూడ దిక్కు మనిషి, డెబ్బై దాటాయి, ఇక్కడ కూతురింటికి వచ్చింది. పది రోజులుగా దమ్ము, పొడి దగ్గు. ఎక్స్‌రే తీయిస్తే ఊహించినట్టే ఏమీ తెలియలేదు. ప్రోబ్ పెట్టాను. రెండు వైపులా కింది భాగాల్లో బీ లైన్లు. కాళ్లకు కొద్దిగా వాపు కూడా ఉంది. ఇంకేం, లాసిక్స్. గుండె మీద పెట్టి చూద్దామంటే ఆ వంగిన ఛాతీలో సరైన సందు దొరకలేదు, రెండు నిమిషాలు వెతికి వదిలేశాను. ఐవీసీ, అంటే కింది నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర, అసలు చూడనే లేదు. చూడాలనిపించలేదంటే సరిగ్గా ఉంటుంది. ఎందుకంటే జవాబు నాకు అప్పటికే తెలుసనుకున్నాను.

మర్నాడు పొద్దున బీపీ 90, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి ఎక్కింది. దమ్ము మాత్రం అలాగే ఉంది. బీ లైన్లు ఒక్కటీ తగ్గలేదు. అప్పుడు నిదానంగా కూర్చొని సన్నటివి చూసే సెట్టింగ్ పెట్టి ప్లూరా గీతనే చూశాను. గుండె వల్ల నీరు చేరితే ఆ గీత నున్నగా, సన్నగా ఉంటుంది. అవ్వకు చెదలు తిన్న తలుపు అంచులా గరుకుగా, మందంగా, మధ్యలో తెగుతూ ఉంది. ఐవీసీ చూస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా గోడలు అతుక్కుపోతున్నాయి. ఒంట్లో నీళ్లు ఎక్కువ కాదు, తక్కువ. సెలైన్ పెట్టి, లాసిక్స్ ఆపి, సీటీకి పంపితే ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్, అంటే మచ్చకట్టడం, అని వచ్చింది. నాలుగు రోజులకు కిడ్నీ దారిలో పడింది కాబట్టి ఇవాళ ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను. కూతురికి జరిగింది చెప్పాను. "మీరు మిషిన్‌ల చూసిండ్రు గదా సార్, మరి?" అని ఒక్కటే అడిగింది.

బీ లైన్ తడిని చూపిస్తుంది, మచ్చకట్టిన ఊపిరితిత్తిని కూడా చూపిస్తుంది, న్యుమోనియాను కూడా. ఏది ఏదో చెప్పదు. నేను చదివిన ప్రతి పుస్తకంలో ఇది ఉంది, నాకు తెలియక కాదు. హమాలీ రాత్రి నన్ను కొంచెం చెడగొట్టింది, అంతే. ఇప్పుడు మందు రాసేముందు గుండె, ఐవీసీ, ప్లూరా అంచు చూడకుండా వదలను. గుండెకు సందు దొరకకపోతే దొరకలేదని కేసుషీట్‌లో రాస్తాను. మొదట్లో రెండు నిమిషాల పని అని గొప్పలు చెప్పినది ఇప్పుడు పన్నెండు నిమిషాలు పడుతోంది.

ఆ పన్నెండు నిమిషాలతో ఇంకో గొడవ. మిర్యాలగూడ మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. రెండో ఎండాకాలం, 44 డిగ్రీలు, కరెంటు పోయి జనరేటర్ మీద ఏసీ ఆపేసిన క్యాజువాలిటీ. సగంలో తెర నల్లబడి, ప్రోబ్ వేడెక్కింది, చల్లారేదాకా ఆగండి అని వచ్చింది. ఆరు నిమిషాలు ఆగాను. పేషెంటు బంధువులు నా చేతిలోని వస్తువు వంకా, నా మొహం వంకా చూస్తూ నిలబడ్డారు. కంపెనీవాళ్లను అడిగితే మిషన్ ఎయిర్ కండిషన్ గదిలో వాడాలని కాగితం చూపించారు. చల్లటి దేశంలో ఎవరో రాసిన కాగితం అయ్యుంటుంది. దానికి నేను కనిపెట్టుకున్న ఉపాయం, ప్రోబ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపే ప్రతిసారీ ఫ్రీజ్ నొక్కడం. ఫ్రీజ్‌లో ఉన్నంతసేపు తరంగాలు ఆగుతాయి, వేడి పెరగదు. ఎడమచేతి బొటనవేలికి అది ఎంత అలవాటైందంటే టీవీ రిమోట్ పట్టుకున్నా ఊరికే నొక్కుతోంది.

డెంగీ రోజుల్లో కూడా పనికొస్తుంది. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నయి సార్ అని చీటీ పట్టుకొని తిరుగుతుంటే, నేను పిత్తాశయం గోడ ఉబ్బిందా, కుడి ఊపిరితిత్తి కింద నీరు చేరిందా చూస్తాను. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారుతోందని ఆ అంకెకన్నా అదే ముందు చెప్పిన సందర్భాలున్నాయి. రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ పరీక్ష మానేయమని కాదు.

కొనాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. జేబులో పట్టినా సరే, లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఇదీ అల్ట్రాసౌండ్ మిషనే. రిజిస్ట్రేషన్ ఉండాలి, వాడే డాక్టరుకు అర్హత ఉండాలి. 2012లో తెచ్చిన నిబంధన ప్రకారం పోర్టబుల్ మిషన్‌ను రిజిస్టరైన ఆస్పత్రి ఆవరణలో, చేరిన పేషెంట్లకే వాడాలి. మొబైల్ మెడికల్ యూనిట్ సంగతి వేరు. అంటే ఊళ్లో మంచాన పడ్డ ముసలాయన దగ్గరికి బ్యాగులో వేసుకొని పోవడం కుదరదు. ఫ్రెండ్ ఒక రోజుకు ఇమ్మంటే ఇవ్వడమూ కుదరదు. మా ఆవిడ వల్ల ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ ముందే ఉంది. నేను ఆరు నెలల ట్రైనింగ్ చేసి పరీక్ష రాసి నా పేరు ఎక్కించుకున్నాను. ఎవరికి, ఎందుకు పెట్టానో నా అంతట నేనే ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను, ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి. ఈ చట్టం ఎందుకు వచ్చిందో తెలుసు కాబట్టి విసుగొచ్చినా తిట్టుకోను.

కింద అంతస్తులో రాత్రంతా రేడియాలజిస్టు, ఎకో చేసేవాళ్లు ఉండే ఆస్పత్రిలో పనిచేస్తుంటే ఇది మీకు పెద్దగా అక్కర్లేదు. నాలాగా ఒంటరిగా రాత్రులు గడిపే ఫిజీషియన్ అయితే, నేర్చుకోవడానికి ఒక ఏడాది ఇవ్వగలిగితే తీసుకోండి. రోజుకు ఒకటి రెండు కేసులకన్నా ఎక్కువ రాని చోట అయితే కన్ను కుదరడం కష్టం, ఆలోచించుకోండి. డబ్బు వెనక్కి వచ్చిందా అంటే రాలేదు. బెడ్ పక్కన చూసినదానికి నేను విడిగా బిల్లు వేయడం లేదు, అది నా ఇష్టం.

వైరు ప్రోబ్‌లోకి దూరే చోట నిరుడే రబ్బరు పగిలింది. సిస్టర్ మైక్రోపోర్ టేపు చుట్టింది, ఇప్పటికి ఆడుతోంది. వారంటీ వచ్చే నెలతో అయిపోతుంది. పొడిగించాలంటే ఎంతవుతుందో చెప్పారు. విన్నాక ఇంకా తిరిగి ఫోన్ చేయలేదు.