వెబ్ ఫిల్టర్ బాక్స్ కొంటున్నారా? బైపాస్ సెట్టింగ్ చూడకుండా డబ్బు కట్టకండి

కాలేజీ ల్యాబులకీ చిన్న ఆఫీసులకీ స్క్విడ్ ప్రాక్సీ (నెట్ ట్రాఫిక్ అంతా తన మీదుగా పంపే సాఫ్ట్‌వేర్), వైరస్ స్కానర్ కలిపి ఒకే బాక్సుగా అమ్మే డీలర్ ఎవరో ఈ లైన్లో ఉన్నవాళ్లకి తెలుసు. పేరు రాయను. చేసింది మాత్రం పచ్చి దగా.

స్క్విడ్ తనంతట తాను వైరస్ వెతకదు. వచ్చిన ఫైలుని ఐక్యాప్ (ప్రాక్సీకీ స్కానర్‌కీ మధ్య మాట్లాడే పద్ధతి) ద్వారా స్కానర్‌కి పంపి, అది చెప్పినదాన్ని బట్టి వదులుతుంది. స్కానర్ నెమ్మదిస్తే నెట్ కూడా నెమ్మదిస్తుంది. ఓ ల్యాబ్ రద్దీలో అదే జరిగి కంప్లైంట్ ఇస్తే, డీలర్ టెక్నీషియన్ వచ్చి "సెట్ చేశాను సార్" అని వెళ్లిపోయాడు. నెట్ పరుగెత్తింది. చేసిందల్లా స్క్విడ్ సెట్టింగుల ఫైల్లో ఐక్యాప్ సర్వీస్ లైన్లో బైపాస్=0ని 1గా మార్చడం!

0 ఉంటే, స్కానర్ పలకనప్పుడు ఎర్రర్ పేజీ వస్తుంది, ఫైలు రాదు. 1 ఉంటే స్కాన్ లేకుండానే ఫైలు లోపలికొస్తుంది. స్కానర్ ఇచ్చిన మ్యాక్స్-కనెక్షన్స్ (ఒకేసారి తీసుకోగల కనెక్షన్ల హద్దు) నిండినా అంతే, ఎందుకంటే బైపాస్ 1 ఉన్నప్పుడు ఆన్-ఓవర్‌లోడ్ (హద్దు నిండితే ఏం చెయ్యాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్ కూడా బైపాసే. స్కానర్‌తో కనెక్షన్ ఫెయిల్యూర్లు 10 దాటితే స్క్విడ్ ఆ సర్వీసునే పక్కన పెట్టేసి, 180 సెకన్ల దాకా మళ్లీ అడగదు. అంటే ల్యాబ్ నిండా పిల్లలున్నప్పుడే కాపలా ఉండదు, స్క్రీన్ మీద మాత్రం ఏ తేడా కనపడదు. స్కానర్ థ్రెడ్లు పెంచడమో, రెండో స్కానర్ పెట్టడమో చెయ్యాల్సిన పని. దానికి ర్యామ్ ఖర్చవుతుంది, అందుకే చెయ్యరు.

డీలర్‌కి ఫోన్ చేసి నిలదీస్తే వచ్చిన జవాబు: "సైట్లు వస్తున్నాయి కదా సార్, స్కాన్ సంగతి మీకెందుకు?" స్కానింగ్ పేరు చెప్పే కదా ఏటా రెన్యువల్ గుంజుతున్నది! అడిగినవాళ్లకి కనీస మర్యాద లేదు.

పైగా ఎస్‌ఎస్‌ఎల్ బంప్ (హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని ప్రాక్సీ మధ్యలో విప్పి చూసే ఏర్పాటు) అసలు పెట్టనే లేదు. అది లేకపోతే హెచ్‌టీటీపీఎస్‌లో ప్రాక్సీకి కనిపించేది కనెక్ట్ అభ్యర్థన, సైట్ పేరు వరకే. లోపలి ఫైలు స్కానర్ దాకా చేరదు. బంప్ కావాలంటే ప్రతి మెషీన్లో మన సీఏ సర్టిఫికెట్ (ప్రాక్సీని నమ్మమని బ్రౌజర్‌కి చెప్పేది) వెయ్యాలి, బ్యాంకు సైట్లని స్ప్లైస్‌లో, అంటే విప్పకుండా, వదిలెయ్యాలి. ఆ పని ఎవరిదో కొటేషన్లోనే రాయించుకోండి.

డెమోలో 68 అక్షరాల ఐకార్ టెస్ట్ ఫైలుని (హాని చెయ్యదు, స్కానర్ని పరీక్షించడానికే ఉన్నది) మీ సొంత హెచ్‌టీటీపీ సర్వర్లో పెట్టి ప్రాక్సీ మీదుగా దించండి, అది ఆగాలి. తర్వాత స్కానర్ సర్వీస్ ఆపించి, ప్రాక్సీ దాచుకున్న పాత కాపీ అడ్డు రాకుండా ఫైలు పేరు మార్చి మళ్లీ దించండి. ఫైలు వచ్చిందంటే బైపాస్ ఆన్‌లో ఉంది. అడ్వాన్స్ ఇవ్వకండి.