ప్లూటోనా, ఎరిసా?

సౌరకుటుంబం అంచున తిరిగే ఈ రెండు మరుగుజ్జు గ్రహాల్లో ఏది ఎక్కువ ఆసక్తికరం? బరువు చూస్తే ఎరిస్‌దే పైచేయి. అడ్డుకొలతలో ప్లూటో (2,377 కిలోమీటర్లు) కన్నా కాస్త చిన్నదే అయినా, దాదాపు 27 శాతం ఎక్కువ బరువు. 2005లో ఇది బయటపడ్డాకే కదా, మరుసటేడు ప్లూటోకి గ్రహం హోదా ఊడింది! అయినా ఎరిస్ పేరు ఎంతమందికి తెలుసు?

ప్లూటోకి కథ ఉంది. 1930లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త క్లైడ్ టాంబా ఆకాశం ఫొటోలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తూ దాన్ని పట్టుకున్నాడు. పేరు సూచించింది పదకొండేళ్ల ఇంగ్లండ్ అమ్మాయి. 2015 జులై 14న నాసా నౌక న్యూ హొరైజన్స్ పక్కనుంచి దూసుకెళ్తూ తీసిన ఫొటోల్లో గుండె ఆకారపు మచ్చ, నైట్రోజన్ మంచు మైదానం, నీటి మంచుతో ఏర్పడిన కొండలు, చుట్టూ వాతావరణంలో పల్చటి నీలి పొర కనిపించాయి. మైదానంలో ఉల్కలు గుద్దిన గుంత ఒక్కటి కూడా లేదు, అంటే ఆ మంచు ఇంకా కదులుతూ వాటిని చెరిపేస్తోందన్నమాట. అన్నట్టు, టాంబా చితాభస్మం కొంచెం ఆ నౌకలోనే ఉంది.

ఎరిస్ దగ్గరికి ఏ నౌకా వెళ్లలేదు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి ప్లూటోకి 248 ఏళ్లు పడితే, దీనికి 550 పైనే. అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోప్‌కి కూడా చిన్న చుక్కే. పక్కన డిస్నోమియా అనే చందమామ. దాని కదలికను బట్టే బరువు లెక్కగట్టారు. మిస్టరీ ఇష్టపడేవాళ్లకి ఎరిస్ సరే. నా ఓటు మాత్రం ప్లూటోకే, ముఖం చూశాం కాబట్టి.