గార్డెల్ పాడిన ఒకే పాట: 1917లోనా, 1930లోనా?

అర్జెంటీనా టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ ‘మి నోచె త్రిస్తె’ (నా విషాద రాత్రి) పాటను 1917లో రికార్డు చేశాడు, 1930లో మళ్లీ పాడాడు. ప్రియురాలు వదిలి వెళ్లిపోతే గదిలో ఒంటరిగా మిగిలినవాడి గోడు ఇది. సామ్యుయెల్ కాస్త్రియోతా బాణీకి పాస్కువల్ కొంతుర్సి మాటలు రాశాడు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో, నాట్య సంగీతమైన టాంగో కథ చెప్పే పాటగా మారడం దీంతోనే ఊపందుకుంది.

1917 నాటికి స్టూడియోల్లో మైకు లేదు. గొట్టంలోకి గొంతెత్తి పాడాలి. అందుకే ఆ రికార్డులో బాధ దాపరికం లేకుండా బయటికే వినిపిస్తుంది. తోడు ఒక్క గిటారే. శబ్దం పలచన, గరగర ఎక్కువ. అయినా ఆ పలచనలోనే ఒక దిక్కులేనితనం ఉంది, నాకది చాలా ఇష్టం.

1930 నాటికి మైకు వచ్చింది. గార్డెల్‌కు అరవాల్సిన పని తప్పింది. గిటార్లు పెరిగాయి, అయినా గొంతుకు అడ్డురావు. పాట చివర్లో బీరువాలో వేలాడే గిటారును ఎవరూ మీటరు, ఆమె లేదని గదిలో దీపం కూడా వెలగనంటుంది. ఆ మాటల దగ్గర 1917 గొంతు ఏడుస్తుంది. 1930 గొంతు ఏడవదు, జరిగింది ఒప్పుకున్న మనిషిలా నెమ్మదిగా చెబుతుంది. నన్ను ఎక్కువగా కదిలించేది అదే.

స్పానిష్ రాకపోయినా పర్వాలేదు. ముందు 1930ది వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పాట మనసుకెక్కాక 1917 రికార్డుకు వెళ్తే ఆ గరగర అడ్డనిపించదు.